ఒడ్డు మీద ఒక్క మాట

ఈ కాలం పిల్లలు ఉద్యోగాల దరఖాస్తుల్లో 'నలుగురితో కలిసి పనిచేయగలను' అని ఒక ముక్క తగిలిస్తారు. మా మనవరాలు కూడా మొన్న అదే రాసి, బాగుందా తాతా అని చూపించింది. బాగుందమ్మా అన్నాను. అని పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ ముక్క ఎక్కడ కనిపించినా నాకు గొంతులో ఉప్పునీళ్లు అడ్డుపడ్డట్టు ఉంటుంది. ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు ముసలాడి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆ ముక్క నేనూ రాయాల్సి వచ్చింది, పంతొమ్మిది వందల అరవైల చివర్లో. అప్పుడు విజయనగరంలో బి.కాం. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా సముద్రం ఒడ్డున చేపలుపట్టేవాళ్ల పేట. అక్కడ కాలేజీ మొహం చూసినవాణ్ని నేనొక్కణ్నే. అందుకు మెచ్చుకున్నవాళ్లకంటే 'సదువుకున్నోడికి తెడ్డు బరువైపోద్ది' అని ఏడిపించినవాళ్లే ఎక్కువ. మా ఇంగ్లీషు మాస్టారికి మాత్రం నా మీద ఎందుకో గురి. ఒకరోజు పిలిచి, పై రాష్ట్రంలో వ్యాపారం నడపడం నేర్పే పెద్ద కాలేజీ ఒకటి పెట్టారనీ, అందులో సీటొస్తే కంపెనీలవాళ్లు ఎగరేసుకుపోతారనీ చెప్పి దరఖాస్తు నా చేతిలో పెట్టారు. వ్యాపారం ఒకరు నేర్పడమేమిటి, మా పేట ఆడవాళ్లు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని రోజూ నడుపుతూనే ఉన్నారు గదా అని లోపల అనుకున్నాను గానీ, మాస్టారి ముందు నోరెత్తలేదు.

అన్నీ సులువుగానే నింపాను. చివరి పేజీ దగ్గర చిక్కుపడ్డాను. మీరు ఒక బృందంలో కలిసి పనిచేసిన సందర్భం వర్ణించండి, అందులో ఎవరెవరు ఏం చేశారో, ముఖ్యంగా మీరేం చేశారో రాయండి అని అడిగారు. హాస్టల్లో మెస్ కమిటీ గురించి రాయరాదూ అన్నారు మాస్టారు. మెస్ కమిటీలో నేను చేసిన ఘనకార్యం సాంబారు నీళ్లలా ఉందని వంటాయనతో కయ్యానికి దిగడం. దాన్నే ఇంగ్లీషులో ఎత్తి రాశాను. చదువుకుంటే నాకే సిగ్గేసి చించేశాను. తర్వాత కాలేజీ వార్షికోత్సవానికి పందిరి వేయించిన కథ రాశాను. అదీ చించేశాను. అబద్ధమని కాదు. రాస్తున్నంతసేపూ ఇంకో సంగతి పక్కన వచ్చి కూర్చుని, నన్ను ఒదిలేసి ఇదా రాస్తున్నావు అన్నట్టు ఉండేది.

ఆ సంగతి మా అన్నది. అంతకు ముందు దసరా సెలవుల్లో దుంగలు కట్టిన మా తెప్ప మీద ఐదుగురం వేటకి వెళ్లాం. నలుగురం వచ్చాం. రానివాడు మా అన్న.

తెప్ప నడిపేది మా మావ, అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. మిగతా ఇద్దరూ మా పేటలోనే ఉండే అన్నదమ్ములు. వాళ్లతో రోజూ వెళ్లే మనిషి జ్వరంతో పడుకుంటే ఆ పూటకి నన్ను ఎక్కించుకున్నారు. మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. ఆ తెప్ప మీద మా అన్న తెచ్చిన చేపలే నా కాలేజీ చదువు.

మా అన్నది పెద్ద నోరు. ఊరికే మాట్లాడినా పోట్లాడుతున్నాడనుకునేవారు. తెప్ప ఇంకా కెరటాలకి అవతల ఉండగానే అక్కణ్నించి ఒక కూత పెట్టేవాడు. అది విని మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. వాడు వల దులిపి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అన్నం ఉడికి ఉండేది. అది వాళ్లిద్దరికీ ఉన్న ఏర్పాటు. అందులో నాకు వాటా లేదు. నేను హాస్టలు కూడు తినేవాణ్ని గదా.

మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. సముద్రం మీద మనిషి పోతే, మిగిలినవాళ్లు ఒడ్డెక్కే ముందే మాట ఒకటి చేసుకోవాలి. తెప్ప నడిపే మనిషి దోసిట్లోకి సముద్రపు నీళ్లు తీసుకుంటాడు, అందరూ అందులో వేళ్లు ముంచుతారు. ఆ మాట ఒక్కటే ఒడ్డు మీద చెప్పాలి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఏం చేశారు, ఎవరి చెయ్యి జారింది, ఇవేవీ పెళ్లానికి గానీ తల్లికి గానీ చచ్చేదాకా చెప్పకూడదు. ఒక్క చెయ్యి పేరు బయటికొస్తే ఆ తెప్ప మళ్లీ నీళ్లలోకి దిగదు అనేవాళ్లు. నిజమే మరి. ఫలానావాడి వల్లే నా కొడుకు పోయాడని ఒక తల్లి అంటే, ఆ ఫలానావాడి పక్కన తెడ్డు పట్టేదెవరు? ఇరుగుపొరుగు ఇళ్లు, ఒకటే వల, ఒకటే తాడు. తెల్లారితే మళ్లీ కలిసే వెళ్లాలి. మా మావ దోసిట్లో నేనూ వేళ్లు ముంచాను. 'గంగమ్మ తీసుకుంది' అన్నదే మేం చేసుకున్న మాట.

మా అమ్మ ఆ కట్టుబాటులో పుట్టి పెరిగిందే. అందరి ముందూ ఏడ్చింది, గంగమ్మని తిట్టింది, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆ రోజు మా మావ మణికట్టు మీద గోళ్లు దిగిన గీట్లున్నాయి. వల తాడు కోసేసిందన్నాడు మావ. అలాగా అని మా అమ్మ పసుపు నూరి, తమ్ముడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆ గీట్లకి రాసింది. తాడు కోస్తే ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదా? రాస్తూ రాస్తూ ఒక్కొక్క గీటు మీదా వేలు ఆపి చూసుకుంటోంది. మా మావ తల అటు తిప్పేసుకున్నాడు. నేను అక్కడ ఉండలేక లేచి వెళ్లిపోయాను.

శవం దొరకలేదు. అదొకటి. దొరికి ఉంటే ఇంత బాధ ఉండకపోయేదేమో.

శివరాత్రికి నాలుగు రోజులు సెలవులిస్తే దరఖాస్తు సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లాను. అప్పటికి మా ఇల్లు ఇల్లులా లేదు. సముద్రంలో పోయినవాడికి దాహం ఎక్కువ, మంచినీళ్ల కోసం వస్తాడు అని పేటలో ఎవరో ముసలమ్మ అందట. మా అమ్మ దీపాలవేళకి గడప అవతల చెంబుతో నీళ్లు పెట్టేది. ఇదేం పిచ్చి అమ్మా అన్నాను, చదువుకున్నవాణ్ని గదా. అన్నానే గానీ నేనూ ఆ చెంబుని చుట్టి నడిచేవాణ్ని, దాటలేదు. తెప్పలు తిరిగొచ్చే వేళకి మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎసరు గిన్నె చేత్తో పట్టుకుని అలా ఉండిపోయేది. మిగతా తెప్పల వాళ్ల కేకలన్నీ వినిపించేవి. అన్నీ విని, అందులో ఏదీ కాదని రూఢి చేసుకుని అప్పుడు గిన్నె పొయ్యెక్కించేది. మా మావ రోజూ నాలుగు చేపలు తెచ్చి అరుగు మీద పెట్టి, అప్పా అని అక్కని ఒక్క పిలుపు పిలిచి, ఆవిడ బయటికి వచ్చేలోగా వెళ్లిపోయేవాడు.

ఒక్కసారి మాత్రం మా అమ్మ నా ముందు బయటపడింది. అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అంది.

"ఆడు ఒక్కడే ఉన్నాడేటిరా అప్పుడు? అదొక్కటి తెలిస్తే సాలు నాకు."

గంగమ్మ తీసుకుందమ్మా అన్నాను. ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. మా అమ్మ ఊఁ అని మజ్జిగ పోసింది. కన్నతల్లి అడిగింది ఇంత, తెలిసి కూడా అదొక్కటి చెప్పలేకపోయాను.

మర్నాడు నేను మావ దగ్గరికి వెళ్లాను. ఇసకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. నాకు కాలేజీవాళ్లు పెట్టిన ప్రశ్న చెప్పాను, ఆ రోజు సంగతే రాయాలనిపిస్తోంది మావా, తప్పా అని అడిగాను. మావ వలలో ఒక కన్ను ముడేసి, దారం పళ్లతో తెంపాడు.

"ఆ కాయితం ఏ ఊరెల్తాదిరా అల్లుడా?"

చాలా దూరం అన్నాను. ఆ ఊళ్లో సముద్రం ఉందా అని అడిగాడు. లేదు మావా అన్నాను.

"అయితే రాసుకో. సముద్రం నేని ఊళ్లో ఎవులికి తెలిస్తే ఏటి? మా అప్ప సెవిని మాత్తరం పడనీకు."

పడనివ్వను అని మాటిచ్చాను. మా మావ మళ్లీ వల మీదికి వంగాడు. గీట్లు మాని మచ్చలు పడిన ఆ చేతిని చూస్తూ నేను ఇంకొక్కటి అడగాలనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని రాశాను. ఇన్నాళ్లూ ఒక్క మాట కింద తొక్కిపెట్టిందంతా ఇంగ్లీషులో కదిలింది. తిరిగి వస్తుండగా గాలి తిరగబడింది, ఒడ్డు కనిపిస్తూ ఉండగానే తెప్ప బోర్లాపడింది. అందరం దుంగలు పట్టుకుని తేలాం. కానీ వల తెప్పకి చుట్టుకుపోయి కిందికి గుంజేస్తోంది. మా అన్న పళ్ల మధ్య కత్తి పెట్టుకుని నీళ్లలోకి మునిగాడు. వల కోశాడు. తెప్ప ఒక్కసారి పైకి లేచింది, కోసిన వల వాడి కాళ్లకి చుట్టుకుంది. కెరటం వాణ్ని విసిరేసింది.

అప్పుడు మేం చేసింది ఎవరూ చెయ్యమంటే చేసింది కాదు. మా మావ ముందుకి జారి అన్న చెయ్యి అందుకున్నాడు. మావ నడుం అన్నదమ్ముల్లో చిన్నవాడు పట్టుకున్నాడు. వాణ్ని పెద్దవాడు పట్టుకున్నాడు. పెద్దవాణ్ని నేను కుడిచేత్తో పట్టుకుని, ఎడంచెయ్యి దుంగల కట్టులోకి దూర్చాను. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ఆలోచనే లేదు. పుట్టినప్పటినుంచీ ఒకే తాడు లాగిన చేతులు, వాటంతట అవే గొలుసు కట్టాయి. బృందం అంటే అదేనయ్యా అని రాశాను ఆ కాలేజీ వాళ్లకి, కాస్త పొగరుగానే.

మరి నువ్వేం చేశావు అని గదా వాళ్ల ప్రశ్న. నేను చివర ఉన్నాను. నాకు కనిపించింది నా ముందువాడి వీపు ఒక్కటే. మా అన్న గొంతు వినబడుతోంది, అంత గాలిలోనూ వినబడుతోంది. ఏమంటున్నాడో తెలియడం లేదు. నా చెయ్యి భుజం దగ్గర ఊడి వచ్చేస్తుందనుకున్నాను. ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి బరువు తగ్గింది. నా చెయ్యి తేలికయింది. హమ్మయ్య అనిపించింది. ఎందుకు తేలికయిందో ఆ తర్వాతే తెలిసింది నాకు.

అవతలి కొసన ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా మావ పట్టు జారిందో, ఒదిలేశాడో, మమ్మల్నందర్నీ లాగేస్తున్నానని మా అన్నే చెయ్యి విడిపించుకున్నాడో. ఎవరెవరు ఏం చేశారో రాయమంటే నేను రాయగలిగింది ఒకటే వాక్యం, అప్పుడు నా చెయ్యి తేలికయింది అని. అక్కడితో ఆపేశాను.

మర్నాడు మధ్యాహ్నం మగవాళ్లంతా వేటకి వెళ్లాక మా అమ్మ వచ్చి నా ఎదురుగా గోడకి చేరబడి కూర్చుంది. ఏం రాశానో అడగలేదు. దేని గురించి రాశానో నన్ను చూసే పట్టేసింది. ఇంగ్లీషులోనే రాశావు గదా అంది. అవునన్నాను. ఆ భాష ఈ పేటలో ఎవరికైనా వచ్చా అంది. నాకు తప్ప ఎవరికీ రాదన్నాను.

"అయితే సదువు. నీ మావ వద్దన్నాడు, నాకెరికే. ఒక్క తెలుగు ముక్క సెప్పకు. ఇంగిలీసులోనే సదువు. నాకు అర్దం కాదు గదా, నీ మాటా తప్పదు."

ఆవిడ ఇదంతా రాత్రంతా కూర్చుని ఆలోచించుకున్నట్టుంది. చెవిన పడనివ్వనని మావకి మాటిచ్చాను. చెవినే పడుతుంది, కానీ ఏమీ తెలియదు. ఇది తప్పో కాదో చెప్పే పెద్దమనిషి ఎవడున్నాడు లోకంలో? కాయితాలు తీసి చదవడం మొదలుపెట్టాను.

మొదట పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివాను. మా అమ్మ కాయితం వంక చూడలేదు. నా మొహాన్నే చూస్తోంది. గాలి తిరగడం, తెప్ప బోర్లాపడటం, కత్తి, వల, గొలుసు, అన్నీ అయ్యాయి. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. దగ్గి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే ఆగాను.

"అక్కడేనా?" అంది మా అమ్మ.

నేను అవునన్లేదు, కాదన్లేదు. తల కూడా ఆడించలేదు. నా మొహం ఏం చెప్పిందో అది నా చేతిలో లేదు.

"ఆ ముక్క మల్లీ సదువు."

దెన్ మై ఆర్మ్ బికేమ్ లైట్ అని చదివాను. మళ్లీ అంది. మళ్లీ చదివాను. చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు ఎన్నిసార్లు చదివించిందో. నాలుగైదు సార్లయ్యాక ఆవిడ పెదాలు కూడా నాతోపాటు కదలడం చూశాను. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏడవలేదు. నేను ఏడుస్తున్నానని కూడా చూడకుండా, ఇంక అంతేనా, తర్వాత ఏమీ లేదా అని అడిగింది. అంతే అన్నాను.

"ఎంత సిన్న ముక్కరా," అంది.

లేచి చేపలు ఆరేసిన చోటికి వెళ్లి కాకుల్ని తోలుకుంటూ కూర్చుంది. ఆ సాయంత్రం కూడా గడప అవతల చెంబు పెట్టింది.

విజయనగరం వెళ్లి మాస్టారికి చూపించాను. చదివి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అంతా ఉంచి ఆ చివరి వాక్యం తీసెయ్యి నాయనా, నాయకత్వ లక్షణం కాదది, సీటు పోతుంది అన్నారు. ఆయన మంచికే చెప్పారు. తీసెయ్యడం నా వల్ల కాలేదు. మౌఖిక పరీక్షకి పిలిచారు. మద్రాసులో ముగ్గురు కూర్చుని, ఆ పడవకి మీరే నాయకుడైతే ఏం చేసేవారు అని అడిగారు. తెలీదండీ అన్నాను. నిజం గదా. సీటు రాలేదు. వస్తే ఏమయ్యేవాణ్నో ఏమో గానీ, సాలూరులో ఒక లారీల ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాను. మా మావ తెప్ప మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ అన్నదమ్ములిద్దరూ ఆయన వెంటే వెళ్లారు. ఆ ఒక్కమాటే వాళ్లందర్నీ కలిపి ఉంచింది, కాదనను.

మా అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. సాలూరులో రాత్రీ పగలూ లారీల మోత. ఆ మోతలో ఆవిడ పొయ్యి ముందు కూర్చుని నోట్లో ఏదో గొణుక్కునేది. దేవుడి పాట అనుకున్నాను చాలా రోజులు. ఒకరోజు పక్కింటి పిల్ల, బడికెళ్లే పిల్ల, గుమ్మంలోంచి తొంగిచూసి, మామ్మా నీకు ఇంగ్లీషొచ్చా అని అడిగింది. నేను లోపల చొక్కా తొడుక్కుంటున్నాను. అప్పుడు విన్నాను, దెన్ మయ్యారము బికేము లైటు అని. ఒక్క అక్షరం పోకుండా పట్టుకుంది.

"ఒక్క ముక్కే వచ్చమ్మా నాకు," అంది మా అమ్మ ఆ పిల్లతో.

పోయేదాకా అదే అనుకుంది. బియ్యం ఏరుతూ, నా పిల్లల్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ, ఒళ్లు తెలియని జ్వరంలో కూడా. దాని అర్థం ఏమిటని మాత్రం నన్ను ఏనాడూ అడగలేదు. అడిగితే నేను చెప్పేసేవాణ్ని, మావకిచ్చిన మాటా చూసుకునేవాణ్ని కాదు, సముద్రాన్నీ చూసుకునేవాణ్ని కాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే అడగలేదు.